ఇంట్లో ఫోన్ లైన్ లేకుంటే అమెరికాలో అప్పు పుట్టదా?

ప్రొద్దుటూరు అబ్బాయి, డల్లాస్:
అన్నలకు, అక్కలకు నమస్కారం. నేనొచ్చి మూడు వారాలైంది. క్రెడిట్ కార్డుకు దరఖాస్తు నింపుతుంటే ‘ఇంటి ఫోన్’ అని ఒక గడి ఉంది. సెల్ తప్ప ఏమీ లేదు కాబట్టి ఖాళీగా వదిలేశాను. కార్డు ఇవ్వం అన్నారు. నాయనకు చెబితే "ఇంట్లో ఫోన్ లేనోనికి అప్పు ఎవడిస్తాడబ్బీ, ముందు లైను పెట్టించుకో" అంటున్నాడు. ఇంటర్నెట్ వాళ్ళు కూడా ల్యాండ్‌లైన్ కలిపి తీసుకోమని వెంటపడుతున్నారు. తీసుకుంటే క్రెడిట్ స్కోరు పెరుగుతుందా?

అనంతపురం అక్క, న్యూజెర్సీ:
తీసుకోవద్దు తమ్ముడూ. ఇక్కడ అప్పిచ్చేవాళ్ళు ఎక్కువగా చూసేది ఫైకో అనే క్రెడిట్ స్కోరు, అందులో ఇంటి ఫోన్‌కు చోటే లేదు. బాకీలు వేళకు కట్టావా అన్నదానికి 35 శాతం, ఎంత అప్పు మోస్తున్నావు అన్నదానికి 30, ఖాతాలు ఎన్నేళ్ళవి అన్నదానికి 15. కొత్తగా ఎన్ని అప్పులు అడిగావు, ఎన్ని రకాల అప్పులున్నాయి అన్నవాటికి చెరో 10. అంతే. ఒక ఖాతా అయినా ఆరు నెలలు నడిస్తే తప్ప నీకు ఆ స్కోరే పుట్టదు. కార్డు ఎందుకివ్వలేదో ఉత్తరం వస్తుంది, 30 రోజుల్లో వాళ్ళు పంపాలి. అది చదివి అప్పుడు మాట్లాడు.

కర్నూలు పెద్దాయన, ఒకప్పుడు చికాగో:
అమ్మాయి చెప్పింది స్కోరు సంగతి. అప్పిచ్చేవాడు స్కోరొక్కటే చూస్తాడా? మా కాలంలో కర్నూలులో ఫోన్‌కు అర్జీ పెడితే ఏళ్ళు పట్టేది. లైన్ వచ్చిన ఇంటికి వీధిలో వాళ్ళందరి కాల్సూ వచ్చేవి. బ్యాంకుకు పోతే అడ్రసుకు ఫోన్ బిల్లు చూపించేవాళ్ళం. ఫోన్ ఉందంటే మనిషి రేపు కూడా అదే ఇంట్లో ఉంటాడని నమ్మకం. మీ నాయన చెప్పింది ఉత్త మాట కాదు బాబూ. అమెరికా చట్టంలోనే ఉంది, ఇంట్లో ఫోన్ ఉందా లేదా అన్నది అప్పిచ్చేవాడు లెక్కలోకి తీసుకోవచ్చని.

అనంతపురం అక్క, న్యూజెర్సీ:
అంకుల్, సగం చెప్పి వదిలేశారు. అది రెగ్యులేషన్ బి. 1974లో వచ్చిన సమాన రుణ అవకాశాల చట్టం కింద పెట్టిన రూలు. ఫోన్ నీ పేరు మీద ఉందా అని చూడకూడదు, ఇంట్లో ఫోన్ ఉందా అని మాత్రం చూడొచ్చు అంటుంది. ఎందుకు పెట్టారంటే, పెళ్ళయిన ఆడవాళ్ళ ఇంట్లో ఫోన్ మొగుడి పేరు మీద ఉండేది. డైరెక్టరీలో పేరు లేదు కాబట్టి అప్పు లేదు అంటే ఆమె ఏం కావాలి? మా అనంతపురం ఇంట్లోనూ అంతే కదా. బిల్లు కట్టడానికి క్యూలో నిలబడేది మా అమ్మ, బిల్లు మీద పేరు మా నాన్నది. ఇక ‘చూడొచ్చు’ అంటే చూసి తీరాలని కాదు. ఇప్పుడు చాలా ఇళ్ళలో ల్యాండ్‌లైనే లేదు. ఆ గడిలో సెల్ నంబరు రాస్తే సరిపోతుంది.

కర్నూలు పెద్దాయన, ఒకప్పుడు చికాగో:
నేను చెప్పిందీ అదే కదమ్మా.

కడప అన్న, అట్లాంటా:
లైన్ పెట్టిస్తే ఏం లాభమో నాకు తెలియదు. తీసేయించేటప్పుడు ఏమవుతుందో నన్నడగండి. నాలుగేళ్ళ కింద ఇల్లు మారినప్పుడు ఫోన్, ఇంటర్నెట్ రెండూ రద్దు చేయించా. కంపెనీ పేరు చెప్పను. మోడెం కొరియర్ కౌంటర్‌లో ఇచ్చి రసీదు తీసుకున్నా. ఆఖరి బిల్లు 38 డాలర్లు, మోడెం ముట్టలేదని దాని ఖరీదు కలిపి 190 దాకా వేసి పాత అడ్రసుకు పంపినారు. నాకేం తెలుసు? ఏడాది తర్వాత కారు లోనుకు పోతే, ఆ కుర్రాడు స్క్రీన్ నా వైపు తిప్పి "ఈ కలెక్షన్ ఏంటి సార్" అన్నాడు. కట్టని బాకీ అని వసూలు చేసేవాళ్ళకు అప్పగించేశారన్నమాట. పక్కన మా ఆవిడ. తల తీసేసినట్లైంది.

కంపెనీకి ఫోన్ చేస్తే కలెక్షన్ వాళ్ళను అడగమంటారు, వాళ్ళేమో కంపెనీనే అడగమంటారు. అరగంట సంగీతం విని, మనిషి పలికేలోపు లైన్ కట్. ఆఖరికి రసీదు ఎక్కడ దొరికిందనుకున్నారు? అమ్మ పంపిన రాగిపిండి డబ్బా కింద పరిచిన కాగితాల్లో. అక్షరాలు సగం చెరిగిపోయినాయి, తేదీ, ట్రాకింగ్ నంబరు మాత్రం మిగిలినాయి. అది జత చేసి, మన అప్పుల చరిత్ర రాసిపెట్టే మూడు బ్యూరోలకూ ఇది తప్పు అని విడివిడిగా డిస్ప్యూట్ రాశా. 30 రోజుల్లో తేల్చాలి వాళ్ళు. తీసేశారు. లేకుంటే ఏడేళ్ళు మోయాల్సిందే. ఆ లోపు కారు లోను ఎక్కువ వడ్డీకి తీసుకున్నా, అది మాత్రం ఎవరూ తిరిగివ్వలేదు.

నంద్యాల తమ్ముడు, సియాటిల్:
అన్నా, అసలు బాకీ 100 డాలర్ల లోపైతే ఫైకో 8 అనే రకం స్కోరు ఆ కలెక్షన్‌ను పట్టించుకోదు. మోడెం కలపకుండా 38 మాత్రమే వేసుంటే నీకు ఏమీ అయ్యేది కాదు.

కడప అన్న, అట్లాంటా:
కలిపినారు కదా తమ్ముడూ, అందుకే కదా ఇంత కథ.

హిందూపురం అన్న, టాంపా:
స్కోరు ఊరికే చూసుకోవద్దు అబ్బాయ్, చూసిన ప్రతిసారీ ఐదు పాయింట్లు పోతాయి.

నంద్యాల తమ్ముడు, సియాటిల్:
పోవన్నా. మనది మనం చూసుకుంటే ఏమీ తగ్గదు. కార్డుకో లోనుకో అడిగినప్పుడు వాళ్ళు చూస్తేనే కొంచెం తగ్గుతుంది. ఇంకో మాట. ఫోన్, కరెంటు కంపెనీలకు ఎన్‌సీటీయూఈ అని వేరే పద్దు ఉంది. వేళకు కట్టింది అక్కడ పడుతుంది కానీ మామూలు స్కోరుకు రాదు. ఫోన్ బిల్లు కూడా లెక్కకు రావాలంటే ఎక్స్‌పీరియన్ అనే బ్యూరో వాళ్ళ బూస్ట్ ఉంది, 2019లో వచ్చింది. అది ఆ ఒక్క బ్యూరోకే. దానికి సెల్ బిల్లు చాలు, ల్యాండ్‌లైన్ అక్కర్లేదు.

కడపోడు, లండన్:
మా దగ్గర ఇంకో సంగతి ఉంది. ఓటరు లిస్టులో పేరు ఎక్కించుకుంటే అప్పు దొరకడానికి కొంత సాయమవుతుంది. ఇండియా కామన్వెల్త్ దేశం కాబట్టి వీసా మీద ఉన్నా మనకు ఓటుంది.

అనంతపురం అక్క, న్యూజెర్సీ:
పిల్లోడు ఉండేది డల్లాస్‌లో! తమ్ముడూ, ఇవన్నీ చదివి టెన్షన్ పడొద్దు. బ్యాంకులో డిపాజిట్ పెట్టి సెక్యూర్డ్ కార్డు తీసుకో. 300 లిమిట్ అయితే బిల్లు 90 దాటకుండా వాడు. గడువులోపు మొత్తం కట్టు, మినిమమ్ కట్టి ఊరుకోవద్దు.

ప్రొద్దుటూరు అబ్బాయి, డల్లాస్:
అక్కా, ఉత్తరం వచ్చింది. ‘తగినంత క్రెడిట్ చరిత్ర లేదు’ అని రాశారు, ఫోన్ మాటే లేదు. 300 పెట్టి కార్డు తీసుకున్నా, గడిలో సెల్ నంబరు రాసినా. నాయన మాత్రం "ఫోన్ లేదని మొహం మీద చెప్తారా ఎవరైనా" అంటున్నాడు.

కర్నూలు పెద్దాయన, ఒకప్పుడు చికాగో:
ఆయన నంబరు నాకు పంపు బాబూ, నేను మాట్లాడతా. ల్యాండ్‌లైన్ ఉంటే అదే ఇవ్వు.