శాన్ హసింతో పార్కు: అక్టోబరు చివర్లో రౌండ్ వ్యాలీలో నీళ్లు ఉంటాయా?

కాలిఫోర్నియాలోని మౌంట్ శాన్ హసింతో స్టేట్ పార్కులో అక్టోబరు చివరి వారంలో ఇద్దరం ఒక రాత్రి టెంటు వేసుకోవాలనుకుంటున్నాం. పామ్ స్ప్రింగ్స్ ట్రామ్‌లో (తీగల మీద కొండెక్కే కేబుల్ కారు) 8,516 అడుగుల దాకా వెళ్లి, అక్కణ్ణించి రెండు మైళ్లు నడిచి రౌండ్ వ్యాలీలో మకాం. మర్నాడు పొద్దున్నే 10,834 అడుగుల శిఖరం ఎక్కి దిగాలి. పర్మిట్ సంగతి తెలుసు.

అసలు సందేహం నీళ్ల గురించే. ఆ రోజుల్లో అక్కడి కుళాయి గానీ వాగు గానీ పారుతుందా? లేదంటే మనిషికి ఆరు లీటర్లు, అంటే ఆరు కిలోల బరువు, ట్రామ్ స్టేషన్ నుంచే మోసుకెళ్లాలి. పారినా వడగట్టకుండా తాగకూడదు. మా దగ్గరున్నది సన్నని గొట్టాల ఫిల్టర్. తడిసిన ఫిల్టర్ గడ్డకడితే లోపలి గొట్టాలు చిట్లుతాయి. పైకి ఏమీ కనబడదు, నీళ్లు మామూలుగానే వస్తాయి, క్రిములు మాత్రం ఆగవు. రాత్రి స్లీపింగ్ బ్యాగులో పెట్టుకుంటాం సరే, తెల్లవారుజామున ఎక్కేటప్పుడు ఏం చేస్తారు? చొక్కా లోపలి జేబు సరిపోతుందా, లేక క్లోరిన్ బిళ్లలే మేలా? చన్నీళ్లలో అవి పనిచెయ్యడానికి చాలాసేపు పడుతుంది, అదీ చిక్కు.

కట్టెల మంట నిషేధం కాబట్టి గ్యాస్ స్టవ్ ఒక్కటే దిక్కు. ఆ ఎత్తులో నీళ్లు దాదాపు 91 డిగ్రీలకే మరుగుతాయి, కందిపప్పు మీద ఆశ వదులుకున్నాం. అటుకులు, వేయించిన రవ్వ తెస్తున్నాం. మామూలు బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర ఆవిరి కాదు కనుక ఐసోబ్యూటేన్, ప్రొపేన్ కలిపిన 110 గ్రాముల డబ్బా కొంటున్నాం. రెండు పూటల వంటకీ టీకీ అదొక్కటి చాలుతుందాండీ?