పొద్దుతిరుగుడు గింజలనే ఏరుకుని తింటున్న పెంపుడు ఎలుక: ఆహారం ఎలా మార్చాలి?

ప్రశ్న:
మా ఇంట్లో రెండు మగ ఎలుకలు ఉన్నాయి. చిన్నదానికి మూడు నెలలు, పెద్దదానికి ఏడాదిన్నర దాటింది. ఇంతకాలం దుకాణంలో దొరికే కలగలుపు గింజలనే పెడుతున్నాను. పెద్దది గిన్నె ముందు కూర్చుని, పొద్దుతిరుగుడు గింజను ముందు కాళ్లతో పట్టుకుని, పొట్టు ఒలిచి పప్పు తిని, వెంటనే మరో గింజ కోసం గిన్నెంతా కెలుకుతుంది. జొన్నలు, పెల్లెట్లు (మేతను పొడి చేసి, నొక్కి తయారుచేసిన ముక్కలు) అడుగున అలాగే ఉండిపోతాయి. ఈ మధ్య అది బాగా లావైంది, పంజరం పై అంతస్తుకు ఎక్కడం మానేసింది. నాకు చాలా ఆందోళనగా ఉంది. రెండింటికీ ఒకే తిండి పెట్టవచ్చా? మన వంటింట్లోని వాటిలో ఏవి మంచివి?

మొదటి జవాబు:
గిన్నె అడుగున మిగిలిపోతున్న వాటిలోనే దానికి కావలసిన పోషకాలు ఉన్నాయండీ. కలగలుపు మేతలో ఎలుక కొవ్వు ఎక్కువున్న గింజలను ముందు ఏరుకుంటుంది కాబట్టి, పొట్లం మీద ఏ లెక్కలు రాసి ఉన్నా దాని కడుపులోకి వెళ్లేది వేరు. ఎలుకల కోసమే తయారైన పెల్లెట్లలో ప్రతి ముక్కా ఒకేలా ఉండటం వల్ల ఏరుకోవడానికి వీలుండదు. ఎదిగిన ఎలుకకు రోజుకు 15 నుంచి 20 గ్రాములు సరిపోతాయి. కుందేళ్ల మేత మాత్రం వాడకండి, అందులో పీచు ఎక్కువ, మాంసకృత్తులు తక్కువ.

మార్పు ఒక్కసారిగా చేయవద్దు. ఎలుకలు వాంతి చేసుకోలేవు, అందుకే కొత్త తిండిని అనుమానంగా కొద్దికొద్దిగా రుచి చూస్తాయి. రెండు వారాల పాటు పాత మేత తగ్గిస్తూ, పెల్లెట్లు పెంచుతూ వెళ్లండి. వంటింటి త్రాసు మీద వారానికొకసారి రెండింటినీ తూచి రాసుకుంటే, మీ కంటికి కనిపించని మార్పు కూడా తెలుస్తుంది.

రెండో జవాబు:
వంటింటి సంగతి నేను చెబుతాను. ఉప్పు, నూనె వేయకముందే తీసి పక్కన పెట్టిన ఉడికించిన పెసలు, బీరకాయ, క్యారెట్, తోటకూర మా వాటికి రోజూ కొద్దిగా ఇస్తాను. రాజ్మా వంటి చిక్కుడు జాతి గింజలను పచ్చిగా పెట్టకూడదు. పల్లీల విషయంలో మరీ జాగ్రత్త అవసరం. వానాకాలంలో చెమ్మ తగిలి బూజు పట్టిన పల్లీలలో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం ఉండవచ్చు, అది ఎలుకల కాలేయాన్ని తీవ్రంగా దెబ్బతీస్తుంది. మీవి మగవి కాబట్టి నారింజ, బత్తాయి, నిమ్మ తొక్కలు దగ్గరికి రానివ్వకండి. వాటి నూనెలోని లిమొనీన్ అనే పదార్థం మగ ఎలుకల మూత్రపిండాల్లో కణుతులు కలిగిస్తుందని ప్రయోగాల్లో తేలింది. ఆ హానికి కారణమైన ప్రొటీన్ మగ ఎలుకలలోనే ఎక్కువగా తయారవుతుంది.

మూడో జవాబు:
వయసు సంగతి కూడా చూడాలి. ఎదిగే ఎలుకకు మాంసకృత్తులు ఎక్కువ కావాలి కాబట్టి చిన్నదానికి వారానికి రెండుసార్లు ఉడికిన గుడ్డు చిన్న ముక్క ఇవ్వండి. ముసలి మగ ఎలుకలలో మూత్రపిండాల జబ్బు సాధారణం, మాంసకృత్తులు, తిండి మితిమీరితే అది ముదురుతుంది. అందుచేత గుడ్డు పెట్టేటప్పుడు పెద్దదాన్ని వేరే గదిలో ఉంచండి. మిగతా పెల్లెట్లను గిన్నెలో కాకుండా పంజరమంతా, ముఖ్యంగా పై అంతస్తులో చల్లితే, వెతుక్కోవడానికి అది మళ్లీ ఎక్కుతుంది.

అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. ఈ రాత్రి నుంచే గింజలు సగం తగ్గిస్తున్నాను. ఇప్పుడే తూచాను, పెద్దది 710 గ్రాములు ఉంది.