ఎయిర్ ఇండియా జంబో జెట్‌ను అలా పంపించేయడం న్యాయమేనా?

బేగంపేట_రాజు: 2024 ఏప్రిల్ 22న ఎయిర్ ఇండియా జంబో జెట్ (బోయింగ్ 747) ఒకటి ముంబైలో లేచి, రెక్కలు అటూ ఇటూ ఊపి అమెరికా వెళ్ళిపోయింది. అక్కడ విప్పేసి విడిభాగాలుగా వాడుకుంటారట. 1971లో మొదటి జంబో 'ఎంపరర్ అశోక' వచ్చిన దగ్గర్నుంచి యాభై ఏళ్ళు మన జెండా మోసిన రకం అది, కిటికీల చుట్టూ ఎర్రటి ఝరోకాలు (రాజమహళ్ళ కిటికీ తోరణాల బొమ్మలు) గీసుకుని. ఒక్కదాన్నయినా మన దగ్గర ఉంచుకోవాల్సింది. మీరేమంటారు?

తేదీల_బాబాయ్: చిన్న సవరణ. 2024లో వెళ్ళినప్పుడు అందులో ప్రయాణికులు లేరు. ప్రయాణికులతో ఆఖరిసారి ఎగిరింది 2021 మార్చిలో, ఢిల్లీ నుంచి ముంబైకి.

కర్నూలు_మాస్టారు: ఉంచుకుని ఏం చేస్తారు రాజు గారూ? నాలుగు ఇంజిన్లకు కిరోసిన్ తాగించాలి. అదే దూరం బోయింగ్ 777 విమానం రెండు ఇంజిన్లతో వెళ్తోంది. 423 సీట్లు రోజూ నింపడం మాటలా? ప్రపంచంలో చాలా సంస్థలు దాన్ని పక్కన పెట్టింది అందుకే. ఆ సంస్థ నష్టాలకు ఏళ్ళ తరబడి డబ్బు పోసింది మనం కట్టిన పన్నుల్లోంచే. ఇప్పుడు మళ్ళీ మ్యూజియం పేరు చెప్పి ఇంకో ఖర్చా?

విశాఖ_పద్మ: మా బీచ్ రోడ్డులో టీయూ-142 పెట్టారుగా 2017లో. నేవీ వాళ్ళ పాత విమానం. ఎప్పుడు వెళ్ళినా పిల్లలతో నిండే ఉంటుంది.

కర్నూలు_మాస్టారు: అది యుద్ధ విమానం అమ్మా, దేశ రక్షణ చేసింది. ఇది డబ్బున్నవాళ్ళను లండన్, న్యూయార్క్ తిప్పింది. పైగా ఉప్పు గాలికి విమానం ఒళ్ళు దెబ్బతినక మానదు, దాని బాగోగులకు ఎంతవుతుందో ఎవరైనా లెక్క వేశారా?

తిరుపతి_కుర్రాడు: డబ్బున్నవాళ్ళను మాత్రమే అంటే ఒప్పుకోను సార్. 2020 ఫిబ్రవరి 1న, కరోనా మొదలైన చైనా ఊరు వుహాన్ నుంచి 324 మందిని ఢిల్లీకి తెచ్చింది ఈ 747 విమానమే. అందులో మన ఆంధ్రా వాళ్ళే 50 మందికి పైగా ఉన్నాం, ఎక్కువమంది ట్రైనింగ్‌కి వెళ్ళిన నాలాంటి ఉద్యోగులమే. తిండి పొట్లం ముందే సీటు జేబులో పెట్టేశారు, ఎవరూ దగ్గరికి రాలేదు. నేను ఆ పొట్లం విప్పనేలేదు, ఢిల్లీ దాకా ఒళ్ళో పట్టుకునే కూర్చున్నా. అంత టెన్షన్ నా జన్మలో పడలేదు. చక్రాలు నేలకు తగిలినప్పుడు పక్క సీటు అన్న ఏడ్చేశాడు.

తేదీల_బాబాయ్: రాజు గారు 2021, 2024 తేదీలు రెండూ కలిపేశారు. ఎవరూ సరిచేయట్లేదు.

బేగంపేట_రాజు: తేదీ పక్కన పెట్టండి బాబాయ్. మాస్టారూ, ఖర్చు ఖర్చు అంటున్నారు, ఆస్ట్రేలియా విమాన సంస్థ క్వాంటాస్ ఏం చేసిందో చూడండి. 2020 జులైలో, కరోనా మధ్యలోనే, సిడ్నీ, బ్రిస్బేన్, కాన్‌బెర్రాల నుంచి వీడ్కోలు ప్రయాణాలు పెట్టి టికెట్లు అమ్మింది. అభిమానులు ఎగబడి కొనుక్కున్నారు, లాభం విమాన మ్యూజియంలకు పోయింది. 2015లోనే ఒక 747ను మ్యూజియంకి ఇచ్చేసింది కూడా. మన దగ్గర అలా చేస్తే జనం కొనరా? నేనైతే అప్పు చేసైనా కొనేవాణ్ణి.

కర్నూలు_మాస్టారు: అప్పు చేసి కొంటారా! మా తమ్ముడు గల్ఫ్ వెళ్ళడానికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చాం. ఏజెంటు మోసం చేస్తే బొంబాయిలో ఇరవై రోజులు ఫుట్‌పాత్ మీద పడుకుని ఇంటికొచ్చాడు. విమానం లోపల ఎలా ఉంటుందో వాడికి ఇప్పటికీ తెలీదు. మా ఊరికి రాత్రి పూట వచ్చే ఒకే ఒక్క బస్సు తీసేస్తే ఒక్క ఫోటో తీసినవాడు లేడు. ఆ బస్సులోనే మా అమ్మను ఆస్పత్రికి తీసుకెళ్ళేవాళ్ళం. మీకు విమానం పోతే ఏడుపొస్తుంది, మాకు బస్సు పోతే ఎవడు ఏడ్చాడు?

విశాఖ_పద్మ: మాస్టారు గారూ, దానికీ దీనికీ సంబంధం ఏంటండీ.

కర్నూలు_మాస్టారు: సంబంధం ఉందమ్మా. దేనికి దండ వేయాలో ఎప్పుడూ ఎక్కినవాళ్ళే తేలుస్తారు. ఎక్కలేనివాళ్ళు బయట నిలబడి చూడాలి.

బేగంపేట_రాజు: నేనూ ఎక్కలేదు మాస్టారూ. ఒక్కసారి కూడా. మా నాన్న బొంబాయిలో ఆ విమానాల కింద 22 ఏళ్ళు పని చేశాడు. ఒక్కోదానికి 18 చక్రాలు. రాత్రి డ్యూటీలో టార్చి పట్టుకుని ఒక్కో టైరూ తడిమి చూసేవాడు. అందులో వాడే హైడ్రాలిక్ నూనె ఊదారంగులో ఉంటుంది, ఒంటికి తగిలితే మంట. ఆయన ముంజేతుల మీద చర్మం ఇప్పటికీ పొడిబారి ఉంటుంది. 2021లో ఆఖరి ప్రయాణం అయిపోయిందని ఆయనకి ఏడాది తర్వాత తెలిసింది, అదీ నేను చెబితే. నాకు దండలు అక్కర్లేదు. పని చేసినవాళ్ళను ఆ రోజు పిలిచి ఒక్కసారి లోపల కూర్చోబెట్టాల్సింది.

కర్నూలు_మాస్టారు: ఆ మాట మొదటే చెప్పాల్సింది కదయ్యా. నేను మ్యూజియం గురించే అనుకుంటున్నా.

తిరుపతి_కుర్రాడు: రాజు అన్నా, నాన్నగారికి నా నమస్కారం చెప్పండి. ఆ రోజు నేలకి ఆనినవి ఆ చక్రాలే.

తేదీల_బాబాయ్: నాన్నగారు 2024 వీడియో చూశారా?

బేగంపేట_రాజు: ఫోన్‌లో పెట్టి ఇచ్చాను బాబాయ్. రెక్కలు ఊపిన చోట ఆపి ఆపి నాలుగైదు సార్లు చూశాడు. తర్వాత "లోపల జనం ఉన్నారా?" అని అడిగాడు. లేరన్నాను. ఫోన్ బోర్లించి పెట్టేశాడు.