స్పార్క్ ప్లగ్‌లు మార్చాలి: ఇరిడియమా, మామూలువా?

తొలికారు: నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్, టర్బో లేదు. సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను, ఇప్పటికి 88 వేల కిలోమీటర్లు తిరిగింది. పొద్దున స్టార్ట్ చేయగానే కాసేపు వణుకుతోంది, ఎత్తు ఎక్కేటప్పుడు టకటకమని చప్పుడు. ప్లగ్‌లు మార్చమన్నారు. ఒకరు ఇరిడియం అంటారు, ఇంకొకరు మామూలువి చాలంటారు. ఏవి వేయించాలి?

పాతఇంజిన్: మామూలువి, అంటే కాపర్ ప్లగ్‌లు. వెండి తర్వాత కరెంటును అంత బాగా మోసే లోహం రాగే. ఇరిడియం దాని దరిదాపుల్లోకి రాదు. ముప్పై ఏళ్లుగా నా బళ్లకు నేనే మార్చుకుంటున్నాను. మామూలు ప్లగ్ నన్ను ఒక్కసారి కూడా దారిలో దింపలేదు.

గ్యాప్_చూడు: మాన్యువల్‌లో ఉన్న నంబరే కొనండి. ఇందులో చర్చేముంది?

దూరప్రయాణం: పాతఇంజిన్ గారూ, కాపర్ ప్లగ్ అనేది వాడుక పేరు మాత్రమే. రాగి ఉండేది లోపలి కోర్‌లో. స్పార్క్ దూకే కొన నికెల్ మిశ్రమం. ఇరిడియం ప్లగ్ లోపల కూడా రాగి కోరే ఉంటుంది, తేడా అంతా కొనలోనే. నికెల్ 1455 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ఇరిడియం 2446 దగ్గర. అందుకే ఇరిడియం కొనను 0.4 నుంచి 0.6 మి.మీ. సన్నగా చేసినా తట్టుకుంటుంది. మామూలు ప్లగ్‌లో అది దాదాపు 2.5 మి.మీ. ఉంటుంది. కొన ఎంత సన్నగా ఉంటే అంత తక్కువ వోల్టేజీకి స్పార్క్ దూకుతుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఆ తేడా తెలుస్తుంది.

పాతఇంజిన్: కోర్‌లో ఉన్నా రాగి రాగే కదండీ. కరెంటు దాని గుండానే కదా పోయేది.

దూరప్రయాణం: అదే దారిలో ఒక రెసిస్టర్ కూడా ఉంది. ప్లగ్ నంబర్‌లో ‘ఆర్’ అక్షరం ఉంటే లోపల దాదాపు 5 వేల ఓమ్‌ల రెసిస్టర్ ఉన్నట్టే. రేడియోలో గరగర రాకుండా, కంప్యూటర్ సిగ్నళ్లు చెడిపోకుండా కావాలనే పెడతారు. ఐదు వేల ఓమ్‌లు అడ్డం పెట్టాక రాగి ఎక్కువ మోస్తుందా, ఇరిడియం తక్కువ మోస్తుందా అన్న లెక్కకు విలువ లేదు.

పాతఇంజిన్: రెసిస్టర్ లేని ప్లగ్‌లతో లక్షల కిలోమీటర్లు తిరిగిన బళ్లు చూశాను నేను.

దూరప్రయాణం: అవి కార్బ్యురేటర్ బళ్లు. ఆయన అడిగింది కంప్యూటర్ నడిపే ఇంజెక్షన్ బండి గురించి.

రయ్యిమని: బ్రదర్, టకటక పోవాలంటే ఒక నంబర్ చిన్నది వేయండి, ప్లగ్ చల్లగా ఉంటుంది.

గ్యాప్_చూడు: ఎవరూ అలా కొనేయకండి, నంబర్లు అన్ని కంపెనీలకూ ఒకేలా ఉండవు. ఎన్‌జీకే, డెన్సో ప్లగ్‌లలో నంబర్ పెరిగేకొద్దీ ప్లగ్ చల్లనిది. బాష్, ఛాంపియన్‌లలో తిరగేసి, పెరిగేకొద్దీ వేడిది. ఎన్‌జీకే 6, డెన్సో 20 సమానం. చల్లనిది, వేడిది అంటే స్పార్క్ సంగతి కాదు, ప్లగ్ తన కొన దగ్గరి వేడిని హెడ్‌లోకి, అంటే ప్లగ్ బిగించే ఇంజిన్ పై భాగంలోకి, ఎంత త్వరగా వదులుతుందనేది. కొన దాదాపు 450 డిగ్రీలు దాటితేనే మసి కాలిపోయి తనంతట తాను శుభ్రపడుతుంది. 800 దాటి పైకి పోతే స్పార్క్ రాకముందే పెట్రోల్ అంటుకుంటుంది. చల్లని ప్లగ్ వేస్తే మసి, వేడిది వేస్తే పిస్టన్‌కు గండం.

పాతఇంజిన్: ఇది బాగా చెప్పారు. కానీ నా మాటకు జవాబు రాలేదు. ఇరిడియం వేయించుకున్న మా తమ్ముడి కారు సంగతి చెప్తాను. లక్ష కిలోమీటర్ల దాకా ముట్టుకోనక్కర్లేదని షాపువాడు చెప్పాడు, వాడు ముట్టుకోలేదు. తీసే రోజున ప్లగ్ అల్యూమినియం హెడ్‌లో పట్టేసి, థ్రెడ్‌తో సహా ఊడొచ్చింది. హెడ్ దించాల్సి వచ్చింది. నెల రోజులు బండి లేదు. దీనికి మీ 2446 డిగ్రీలు ఏం చేస్తాయి?

దూరప్రయాణం: దానికి కారణం ఇరిడియం కాదు, బిగించిన చెయ్యి. నా సంగతి కూడా వినండి. చెప్పకుండా నా కారుకు మామూలు ప్లగ్‌లు వేశారు, గ్యాప్, అంటే మధ్య కొనకూ పక్క కొమ్ముకూ ఉండే దూరం, కూడా కొలవలేదు. కొనలు అరిగి గ్యాప్ పెరిగింది. పెరిగిన గ్యాప్ దూకాలంటే ప్లగ్‌కు కరెంటు పంపే కాయిల్ ఎక్కువ వోల్టేజీ ఇవ్వాలి. చివరికి కాయిల్ కాలిపోయింది. రాత్రి పూట, ఇద్దరు పిల్లలతో, హైవే పక్కన మూడు గంటలు నిలబడ్డాను. మామూలువి చాలనే మాట వింటే నాకు ఆ రాత్రే గుర్తొస్తుంది.

రయ్యిమని: థ్రెడ్‌కు యాంటీ సీజ్, అదే పట్టేయకుండా పూసే పేస్ట్, రాస్తే ఈ గొడవే ఉండదు.

గ్యాప్_చూడు: వద్దు. ఎన్‌జీకే వాళ్ల ప్లగ్‌ల థ్రెడ్‌కు పూత ఉంటుంది, ఏమీ రాయొద్దని వాళ్లే చెప్తారు. జిడ్డు రాస్తే అదే టార్క్‌కు ఎక్కువ బిగుసుకుంటుంది. వాషర్ ఉన్న 14 మి.మీ. ప్లగ్ అల్యూమినియం హెడ్‌లో 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు చాలు. ఇంజిన్ చల్లారాకే తీయండి, కొత్తవి మొదట చేత్తోనే తిప్పి ఎక్కించండి.

పాతఇంజిన్: దూరప్రయాణం గారూ, పిల్లలతో అలా ఇరుక్కోవడం బాధాకరమే, కాదనను. కానీ మీరు మరీ దబాయిస్తున్నారు. ప్లగ్ అరిగిపోయేదాకా ఎవరూ చూడలేదు, అదే కదా మీ బండికి జరిగింది! నేను ప్రతి 20 వేలకూ విప్పుతాను. కొన లేత గోధుమ రంగులో ఉంటే మనసు కుదుటపడుతుంది. నల్లటి పొడి మసి ఉంటే పెట్రోల్ ఎక్కువ పడుతోందని, తడిగా నూనె ఉంటే పిస్టన్ రింగులో వాల్వ్ సీళ్లో పోయాయని, తెల్లగా పొక్కులుంటే ఇంజిన్ వేడెక్కుతోందని తెలుస్తుంది. ఒకసారి ఒక్క సిలిండర్ ప్లగ్ మాత్రం కడిగినట్టు శుభ్రంగా వచ్చింది. హెడ్ గాస్కెట్ నుంచి కూలెంట్ లోపలికి దిగుతోందని అలాగే పట్టుకున్నాను. లక్ష దాకా విప్పకుండా వదిలేసే బండిలో ఇదెవరు చూస్తారు? నా గొడవ ఇరిడియంతో కాదు. విప్పి చూడటం మానేయమనే మాటతో.

దూరప్రయాణం: ఇది మొదటే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. మీ బండిలో ప్లగ్‌లు పైన కనబడతాయా?

పాతఇంజిన్: పైనే. నాలుగూ తీయడానికి పావుగంట.

దూరప్రయాణం: నాది వీ6, మూడేసి సిలిండర్లు రెండు వరసల్లో ఉండే ఇంజిన్. వెనక మూడు ప్లగ్‌లు ఇన్‌టేక్ మానిఫోల్డ్, అంటే ఇంజిన్‌లోకి గాలి తెచ్చే గొట్టాల కింద ఉంటాయి. చూడాలన్నా మానిఫోల్డ్ దించాలి, గాస్కెట్లు కొత్తవి వేయాలి. 20 వేలకోసారి అది చేయించమంటే నా వల్ల కాదు. నాకు ఎక్కువ కాలం నిలిచే ప్లగే కావాలి.

పాతఇంజిన్: మీ బండికైతే సరే. ఆయన బండికి మాత్రం నా మాట మార్చుకోను.

గ్యాప్_చూడు: తొలికారు గారూ, మీ బండిలో కాయిల్స్ ఎన్ని?

తొలికారు: రెండే. ఒక్కో దాని నుంచి రెండు ప్లగ్‌లకు వైర్లు.

గ్యాప్_చూడు: అయితే అది వేస్ట్ స్పార్క్ పద్ధతి, ఒకే కాయిల్ రెండు ప్లగ్‌లకూ ఒకేసారి స్పార్క్ ఇస్తుంది. ఒక కాయిల్ జతలో ఒక ప్లగ్‌కు స్పార్క్ మధ్య కొన నుంచి, రెండో దానికి ఎదురు దిశలో పోతుంది. మధ్య కొనకు మాత్రమే ఇరిడియం ఉన్న ప్లగ్ వేస్తే ఆ రెండో దాంట్లో పక్క కొమ్ము త్వరగా అరుగుతుంది. వేస్తే మధ్య కొనకూ పక్క కొమ్ముకూ, రెండు వైపులా ఇరిడియం లాంటి విలువైన లోహం ఉన్నవి వేయండి, లేదంటే మామూలువి వేసి పాతఇంజిన్ గారిలా త్వరగా మార్చుకోండి.

దూరప్రయాణం: రెండు వైపులా ఉన్నవే నా ఓటు.

తొలికారు: ఈరోజు నాలుగూ తీశాను, పైనే ఉన్నాయి. మసి లేదు, కానీ కొనలు తెల్లగా పాలిపోయాయి. గ్యాప్ 1.1 మి.మీ. ఉండాలి, ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకులు) పెడితే 1.4 వచ్చింది. ప్లగ్ మీద ఎన్‌జీకే 5 అని ఉంది, మాన్యువల్‌లో 6. నాకంటే ముందు ఎవరో ఒక మెట్టు వేడి ప్లగ్‌లు వేశారు. మామూలు ప్లగ్‌లే, 6 నంబర్‌వి తెచ్చాను. 20 వేలకు విప్పి ఫొటోలు ఇక్కడే పెడతాను.

పాతఇంజిన్: ఏ ప్లగ్ ఏ సిలిండర్‌దో రాసిపెట్టుకుని తీయండి. టకటక తగ్గిందో లేదో వారం తర్వాత చెప్పండి.