కోరలైన్ సినిమా పిల్లలకి చూపించొచ్చా? వైజాగ్ అమ్మానాన్నలు చెప్పండి

ఎంవీపీ_పద్మ
అందరికీ నమస్కారం. వచ్చే ఆదివారం మా ఆడపడుచు పిల్లలు కూడా మా ఇంటికే వస్తున్నారు. మా పాపకి ఎనిమిదేళ్లు, బాబుకి ఐదు. క్లాసులో ఎవరో చెప్పారట, కోరలైన్ పెట్టమని పాప ఒకటే గొడవ. 2009లో వచ్చిన బొమ్మల సినిమా. ట్రైలర్ చూస్తేనే నాకు ఏదోలా అయింది. పాపకి పర్వాలేదా? బాబుని కూడా కూర్చోబెట్టొచ్చా? ఆ ఇంగ్లీషు వాళ్లకి అందుతుందా? పగలు పెట్టాలా, రాత్రా? చూసినవాళ్లు కాస్త చెప్పండి.

గాజువాక_అమ్మ
వద్దండీ. మా పాప ఆరేళ్లప్పుడు చుట్టాలింట్లో చూసింది, నేను పక్కన లేను. చిన్న తలుపు అవతల ఇంకో అమ్మ ఉంటుంది. ఇష్టమైనవన్నీ వండి పెడుతుంది, ఎప్పుడూ విసుక్కోదు. కళ్లు ఉండాల్సిన చోట నల్ల గుండీలు. ఇక్కడే ఉండిపోవాలంటే నీ కళ్లకీ గుండీలు కుడతానని సూదీ దారం తెచ్చి ముందు పెడుతుంది. రక్తం చుక్క కనబడదు, అయినా పిల్ల మనసులో అది దిగబడిపోయింది. మా ఆయన షిప్పు మీద ఉంటారు, ఇంట్లో నేనొక్కదాన్నే. పడుకునే ముందు నా మొహం రెండు చేతుల్తో పట్టుకుని, బొటనవేళ్లతో నా కనురెప్పలు తడిమి చూసుకునేది. యూనిఫాం గుండీ ఊడితే కుట్టనివ్వలేదు, పిన్నీసు పెట్టి బడికి పంపాను. దయచేసి పెట్టకండి.

శ్రీహరిపురం_శ్రీను
ఏటండీ ఇంత భయం! మావోడు ఏడేళ్లకే చూశాడు, అయిపోగానే మళ్లీ పెట్టమన్నాడు. అమెరికాలో పీజీ ఇచ్చారు, అంటే పెద్దలు చూసుకుని పిల్లలకి చూపించొచ్చని. బ్రిటన్‌లోనూ పీజీయే. హాలీవుడ్ డైరెక్టర్ టిమ్ బర్టన్ సినిమాలన్నీ అలాగే ఉంటాయి. మనం చిన్నప్పుడు ప్రహ్లాదుడి కథ వినలేదా? విషం తాగించడం, పాములతో కరిపించడం, ఏనుగులతో తొక్కించడం. చేయించింది ఎవరు? కన్నతండ్రి. సముద్రంలో పడేసి పైన కొండ పెట్టబోతే స్వామి వచ్చి కాపాడాడనేది మన సింహాచలం స్థలపురాణమే కదా. అది వింటూనే అన్నం తిన్నాం, నిద్రపోయాం.

అప్పన్న_సన్నిధి
శ్రీను గారూ, స్వామి కథని తెచ్చి దెయ్యం బొమ్మ పక్కన పెడతారా? ప్రహ్లాదుడికి భయమే లేదు. కథ వినే పిల్లాడికీ తెలుసు, స్తంభంలోంచి స్వామి వస్తాడని. పైగా ఆ కథ చెప్పేది అమ్మమ్మ. పిల్లాడి మొహం చూసి ఎక్కడ ఆపాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో ఆమెకి తెలుస్తుంది. టీవీకి ఏం తెలుస్తుంది? ఇంకోసారి స్వామిని ఇలాంటి పోలికల్లోకి లాగొద్దు.

శ్రీహరిపురం_శ్రీను
నేనూ చందనోత్సవానికి క్యూలో నిలబడేవాడినే, నాకు భక్తి నేర్పొద్దు. నేనన్నది ఒకటే, పిల్లలకి భయం కొత్త కాదు. ఈ సినిమాలో పిల్ల భయపడుతూనే వెనక్కి వెళ్లి అమ్మానాన్నల్ని విడిపించుకుంటుంది. మా వాడికి నచ్చింది అదే. అంతకుముందు మేడ మీదకి ఒంటరిగా వెళ్లేవాడు కాదు, ఇప్పుడు ఆరేసిన బట్టలు వాడే తెస్తున్నాడు.

మద్దిలపాలెం_మూవీస్
ఇంట్లో సంగతి తర్వాత, ముందు హాళ్ల సంగతి చూడండి. ఈమధ్య సిటీలో ఒక హాల్లో యూఏ 13+ యానిమేషన్ సినిమాకి వెళ్లాం. నా వెనక వరసలో నాలుగేళ్ల పిల్ల ఇంటర్వెల్ దాకా ఏడుస్తూనే ఉంది. గేటు దగ్గర ఒక్కరు ఆపలేదు. సర్టిఫికెట్ మీద 13 అని వేసి చిన్నపిల్లల్ని ఎలా పంపిస్తారు? కంప్లైంట్ ఇస్తే హాలుకి ఫైన్ పడాలి.

సీతమ్మధార_వకీలు
పడదు. చట్టం చదివి మాట్లాడండి. 2023 సవరణతో పాత యూఏని 7+, 13+, 16+ అని మూడుగా విడగొట్టారు. ఆ వయసు గుర్తు తల్లిదండ్రుల కోసం. వాళ్లు తప్ప ఇంకెవరూ దాన్ని అమలు చేయడానికి లేదని చట్టంలోనే రాసి ఉంది. హాలువాడు ఆపాల్సింది 'ఏ' సర్టిఫికెట్ సినిమాకే, పద్దెనిమిది నిండనివాళ్లని.

మద్దిలపాలెం_మూవీస్
అయితే ఆ నంబరు దేనికి సార్? అలంకారానికా? టికెట్ బుక్ చేసేటప్పుడు ఎంతమంది చూస్తారు? ఆ పిల్ల ఏడుపు మీరు వినలేదు. అమ్మానాన్నలు కదల్లేదు, టికెట్ డబ్బులు దండగని.

సీతమ్మధార_వకీలు
అది తల్లిదండ్రుల తప్పు, హాలు తప్పు కాదు. నా ప్రాక్టీసంతా ఇలాంటి చట్టాలతోనే, నాకు చెప్పకండి. ఓటీటీ సంగతి కూడా వినండి. అక్కడి వయసు గుర్తు సెన్సార్ బోర్డు వేసేది కాదు. 2021 ఐటీ నిబంధనల ప్రకారం ప్లాట్‌ఫామ్ తనకు తానే వేసుకుంటుంది. 13+ నుంచి పైవాటికి పేరెంటల్ లాక్ ఇవ్వాలి. ఆ లాక్ మన ఇళ్లల్లో ఎంతమంది పెట్టారు? పిన్ నంబరు పిల్లలకే ముందు తెలుస్తుంది.

మద్దిలపాలెం_మూవీస్
చట్టం మీ దగ్గరే పెట్టుకోండి. నాలుగేళ్ల పిల్లని చీకట్లో ఏడిపించడం ఏ చట్టంలో ఉన్నా తప్పే.

ఫ్రేమ్_బై_ఫ్రేమ్
రుషికొండ వైపు యానిమేషన్‌లో పనిచేస్తాను కాబట్టి అసలు సినిమా గురించి చెబుతాను. తీసింది టిమ్ బర్టన్ కాదు, హెన్రీ సెలిక్. 1993 నాటి ది నైట్‌మేర్ బిఫోర్ క్రిస్మస్ డైరెక్టర్ కూడా ఆయనే. దానికి కథ, నిర్మాణం బర్టన్‌వి, అందుకే అందరూ పొరబడతారు. ఇది స్టాప్ మోషన్. బొమ్మని రవ్వంత కదిపి ఒక ఫోటో, మళ్లీ కదిపి ఇంకో ఫోటో. ముఖకవళికలకి త్రీడీ ప్రింటింగ్‌తో వేల ముక్కలు చేసి మార్చి మార్చి తగిలించారు. ఆ పిల్ల స్వెట్టర్ సన్నటి సూదులతో నిజంగానే అల్లారు. అసలు ఇల్లు బూడిదరంగులో వెలవెలబోతుంది, తలుపు అవతలి ఇల్లు రంగులతో మెరుస్తుంది. పిల్లలకి ముందు మేకింగ్ వీడియో చూపించండి. అది బొమ్మని తెలిస్తే భయం ఉండదు.

గాజువాక_అమ్మ
మా పాపకి అది బొమ్మని మొదట్నుంచీ తెలుసండీ. దాని భయం బొమ్మ గురించి కాదు. రోజూ అన్నం పెట్టే అమ్మ ఒకరోజు వేరేలా మారిపోతుందేమోనని. మీ త్రీడీ ప్రింటింగ్ దానికి ఏం జవాబు చెబుతుంది? మీకు పిల్లలున్నారా అసలు?

ఫ్రేమ్_బై_ఫ్రేమ్
ఉన్నారు. పర్సనల్‌గా వెళ్లకండి. మా అమ్మాయికి మేకింగ్ చూపించాకే సినిమా పెట్టాను, హాయిగా చూసింది.

పెందుర్తి_టీచర్
మీ ఇద్దరి మాటా నిజమే, పిల్లల వయసు వేరు అంతే. నేను ప్రైమరీ పిల్లలకి చెబుతాను. ఆరేడేళ్లలోపు వాళ్లు చూపుకి భయంకరంగా ఉంటే చాలు భయపడతారు. నిజం కాదని ఎంత చెప్పినా పెద్దగా పనిచేయదు. ఒళ్లో కూర్చోబెట్టుకుంటే, చేతికి ఇష్టమైన బొమ్మ ఇస్తే కుదుటపడతారు. కాస్త పెద్దవాళ్లకి, జరగడానికి వీలున్నదే ఎక్కువ భయం. వాళ్లకి మాట్లాడి చెప్పొచ్చు. సర్టిఫికెట్ మీదే ఆధారపడొద్దు. కుందేళ్ల కథ వాటర్‌షిప్ డౌన్‌కి 1978లో బ్రిటన్ బోర్డు అందరూ చూడొచ్చని యూ ఇచ్చింది. 2022లో మళ్లీ చూసి పీజీకి మార్చింది. సినిమా అదే, చూసే కళ్లు మారాయి.

పద్మ గారూ, అసలు జాగ్రత్తపడాల్సింది చివర్లో. ఆ ఇంకో అమ్మ సూదుల్లాంటి చేతులతో సాలీడులా అవుతుంది. అంతా అయిపోయిందని పిల్లలు ఊపిరి పీల్చుకున్నాక, ఆమె చెయ్యి ఒక్కటే పాక్కుంటూ వీళ్ల లోకంలోకి వచ్చేస్తుంది. ఐదేళ్లవాడికి అది వద్దే వద్దు. తన ఇంట్లోకీ వస్తుందనుకుంటాడు.

అక్కయ్యపాలెం_అత్త
చెయ్యి సరే, ఆ ఇద్దరు ముసలి నటీమణులు అరకొర బట్టలతో స్టేజీ ఎక్కే సీను గురించి ఎవరూ మాట్లాడరేం? మా మావగారి పక్కన కూర్చుని చూశాం, రిమోట్ కోసం వెతుక్కున్నాం. పిల్లలు నవ్వేసి వదిలేశారు గానీ పెద్దాయన లేచి వెళ్లిపోయారు.

శ్రీహరిపురం_శ్రీను
టిమ్ బర్టన్ కాకపోతే పోనీ. సినిమా మాత్రం మంచిది. పెట్టండి పద్మ గారూ.

ఎంవీపీ_పద్మ
అందరికీ థాంక్స్. గాజువాక అమ్మగారి మాట చదివాక పిల్లలు పడుకున్నాక నేనొక్కదాన్నే మొత్తం చూశాను. మా పాపకి దెయ్యాలంటే లెక్కలేదు, నేను కనబడకపోతేనే బెంగ. తల్లిదండ్రులు మాయమై పిల్ల ఒక్కతే ఇంట్లో మిగిలే భాగం ఉంది, దానికి నా పక్కనే కూర్చోబెట్టుకుంటాను. ఆదివారం పొద్దున్నే టిఫిన్లయ్యాక, కిటికీలు తెరిచి పెడతాను. చూశాక పిల్లల్ని బీచ్‌కి తీసుకెళ్తా. బాబుని మాత్రం వాళ్ల తాతయ్యతో కుర్సురా సబ్‌మెరైన్ చూడ్డానికి పంపిస్తున్నా. ఇంగ్లీషు సంగతి ఎవరూ చెప్పలేదు, మధ్యమధ్యలో ఆపి నేనే తెలుగులో చెబుతాను.

మద్దిలపాలెం_మూవీస్
సబ్‌మెరైన్‌కి సోమవారమే సెలవు, ఆదివారం ఉంటుంది. రద్దీ మాత్రం బాగా ఉంటుంది, తాతయ్యగారిని తెరిచే వేళకే వెళ్లమనండి. లోపల దారి ఇరుకు, బాబు చెయ్యి వదలొద్దని చెప్పండి.