షార్డొనే వైన్‌లో మట్టి రుచి నిజంగా ఉంటుందా, లేక అంతా పేరు గొప్పేనా?

అలిపిరి మెట్లు (తిరుపతి):
నేను ఇక్కడే హోటల్ మేనేజ్‌మెంట్ చివరి ఏడాది చదువుతున్నా. వచ్చే నెల వైన్ పేపర్ ఉంది, టెన్షన్‌గా ఉంది. కొండ మీద మందు మాటే ఎత్తకూడదు, కింద షాపులో వైన్ అడిగితే తియ్యటి పోర్ట్ సీసా చేతిలో పెడతారు, కాబట్టి నా చదువంతా కాగితం మీదే. బెంగళూరులో ఇంటర్న్‌షిప్ చేసినప్పుడు నాసిక్ షార్డొనే (తెల్ల వైన్, ద్రాక్ష పేరూ అదే) ఒక గ్లాసు, అదే ద్రాక్షతో ఫ్రాన్స్‌లో చేసే షబ్లీ రెండు గుటకలు. నా అనుభవం అంతే.

నా డౌట్ ఏమిటంటే, ఫ్రాన్స్‌లోని బర్గండీలో మోన్‌రాషే అని ఒక తోట. దాని పైన షెవాలియే-మోన్‌రాషే, కింద బతార్-మోన్‌రాషే. మూడూ గ్రాన్ క్రూలే, అంటే అన్నిటికన్నా పై ర్యాంకు. మూడింట్లోనూ అదే షార్డొనే, మధ్యలో మనిషి నడిచే దారంత దూరం, అయినా మూడు వేరే వైన్లు అంటారు. మంచి సంవత్సరం మోన్‌రాషే సీసా ఒక్కటి నా ఏడాది ఫీజును మింగేస్తుంది. ఈ తేడా టెర్వార్ వల్ల, అంటే తోట ఉన్న చోటు, నేల, వాతావరణం వల్ల అని రాస్తే మార్కులు పడతాయి సరే, అసలు ఎలా జరుగుతుంది? సున్నపురాయి రుచి వేరులోంచి పైకెక్కి గ్లాసులోకి వస్తుందా? మా సార్‌ని అడిగితే "మినరాలిటీ (రాతి రుచి) అని రాసెయ్యి" అన్నారు.

దుబాయ్ చిత్తూరోడు:
తమ్ముడూ, మాది చిత్తూరే. పదకొండేళ్లుగా ఇక్కడ ఒక హోటల్లో వైన్ పోస్తున్నా. ముందు ద్రాక్ష సంగతి తెలుసుకో. షార్డొనేకి సొంతంగా పెద్ద వాసన లేదు. మస్కట్ ద్రాక్ష అయితే మూత తీయగానే నేనున్నానంటుంది, ఇది అన్నం లాంటిది, ఏ కూర కలిపితే ఆ రుచి. పినో నువార్ అనే నల్ల ద్రాక్షకీ, గువే బ్లాంక్ అనే ఎవరూ లెక్కచేయని ద్రాక్షకీ పుట్టిన బిడ్డ అని 1999లో డీఎన్ఏ పరీక్షల్లో తేలింది. అలా దానికంటూ గట్టి గొంతు లేదు కాబట్టే పెరిగిన చోటు బయటికి వినిపిస్తుంది. తయారుచేసిన మనిషి కూడా వినిపిస్తాడు, ఆ గొడవ తర్వాత చూద్దాం.

ఇక నీ మూడు తోటలు. అది తూర్పు, ఆగ్నేయం వైపు చూసే వాలు, పొద్దున లేవగానే ఎండ పడుతుంది. పైన షెవాలియేలో మన్ను పలచన, గులకరాళ్లు ఎక్కువ, చల్లదనం కూడా కొంచెం ఎక్కువ, అందుకే ఆ వైన్ సన్నగా, పదునుగా ఉంటుంది. కింద బతార్‌లో బంకమన్ను లోతు, అక్కడిది ఒళ్లున్న వైన్, నోట్లో బరువు తెలుస్తుంది. నడుమ మోన్‌రాషే, అన్నీ కలిపి 8 హెక్టార్లు, మన లెక్కలో 20 ఎకరాలు కూడా నిండదు, దాన్ని చాలామంది ఓనర్లు పంచుకున్నారు. ధరలో సగం కారణం అక్కడే ఉంది, మట్టి అని మాత్రమే రాస్తే అబద్ధం అవుతుంది. ఇంకా కిందికి, చదునులోకి దిగావనుకో, నీళ్లు నిలుస్తాయి, చలిగాలి కూడా అక్కడే పేరుకుంటుంది, వైన్ మామూలు బర్గండీ అయిపోతుంది.

మనకి ఎండని తప్పించుకోవడం సమస్య, వాళ్లకి ఎండ దొరకడం సమస్య. బర్గండీ 47 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది, తిరుపతి 13 దాటిందంతే. అలాంటి చోట వాలు కొంచెం అటు తిరిగినా కాయ పండేదీ పండనిదీ తేలిపోతుంది. నువ్వు తాగిన షబ్లీ ఇంకా ఉత్తరాన ఉంటుంది. అక్కడ గ్రాన్ క్రూ అంతా సెరన్ ఏటి కుడి గట్టున ఒకే కొండ వాలు, సుమారు 100 హెక్టార్లు, ఏడు పేర్లు, లే క్లో వాటిలో పెద్దది. నైరుతి వైపు చూస్తుంది కాబట్టి సాయంత్రం ఎండ దక్కుతుంది. ఏప్రిల్లో చిగురేసే టైమ్‌కి మంచు పడితే రాత్రంతా తోటలో దివిటీలు వెలిగిస్తారు, లేదా స్ప్రింక్లర్లతో నీళ్లు కొట్టి చిగురు చుట్టూ ఐసు కట్టిస్తారు. ఐసు కట్టేటప్పుడు వదిలే వేడి చిగురుని కాపాడుతుంది. 2021 ఏప్రిల్లో ఇంత చేసినా చాలా తోటలు మాడిపోయాయి.

గుండ్రాయి:
జియాలజీ చదివినోడిగా ఒకటి గట్టిగా చెప్తా. రాయి రుచి వేరు గుండా రాదు. వేరు తీసుకునేది నీళ్లలో కరిగిన పొటాషియం, కాల్షియం లాంటివి, అవీ వైన్‌లో ఉండేది బొట్టంత, మన నాలుక దాన్ని పట్టదు. సున్నపురాయిని నాకి చూడు, ఏ రుచీ ఉండదు. అలెక్స్ మాల్ట్‌మన్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఏళ్ల తరబడి ఈ మాటే చెబుతున్నాడు. చెకుముకి రాయి కొట్టినట్టు వాసన అంటారే, అది పులిసేటప్పుడు పుట్టే గంధకపు సమ్మేళనాల నుంచి వచ్చేది, రాతి నుంచి కాదు.

అలాగని నేల దండగ అనడం లేదు. నేల చేసే పని నీళ్లు పంచడం. షబ్లీలో కిమ్మెరిడ్జియన్ అనే నేల, సున్నమూ బంకమన్నూ కలిసిన పొరలు, సుమారు 15 కోట్ల ఏళ్ల కిందటి సముద్రపు అడుగు, అందులో కామా ఆకారంలో చిట్టి ఆల్చిప్పలు ఇప్పటికీ కనిపిస్తాయి. అందరూ ఆ గుల్లల్ని ఫోటో తీసి ఇదిగో వైన్‌లో సముద్రం అంటారు, నాకు నవ్వొస్తుంది. అసలు విషయం ఏంటంటే రాతి చీలికల్లోంచి వాన నీరు దిగిపోతుంది, బంక కొంచెం పట్టి ఉంచి మెల్లగా వదులుతుంది. తీగ చావదు, దాహమూ తీరదు. అప్పుడు ఆకు పెంచడం మానేసి కాయ మీద పడుతుంది, కాయ చిన్నదవుతుంది. రాత్రి చల్లబడితే కాయకి పులుపునిచ్చే మాలిక్ ఆమ్లం ఖర్చైపోకుండా పులుపు నిలుస్తుంది. చక్కెర, పులుపు రెండూ ఒకేసారి సరిపోయేలా పండాలి, గొప్ప తోట అంటే ఎక్కువ ఏళ్లు అలా జరిగే తోట.

దారి దాటితే నేల ఎందుకు మారుతుంది అన్నావు కదా. తిరుమల ఘాట్ రోడ్డులో బోర్డు చూశావా, ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ అని? కింద పాత గ్రానైట్, దాని మీదే క్వార్ట్‌జైట్, రెండింటి మధ్య 80 కోట్ల ఏళ్లు మాయం. బస్సులో వెళ్తూ ఒక రెప్పపాటులో దాటేస్తాం. బర్గండీ కొండ అంచు కూడా అలాంటి కథే, కానీ కారణం వేరు, అక్కడ భూమి పగిలి సోన్ నది వైపు నేల కిందికి జారింది, దాంతో వేర్వేరు పొరలు వాలు మీద మెట్లు మెట్లుగా బయటపడ్డాయి.

పలమనేరు పెసరట్టు:
అందరూ తోటల్ని పొగుడుతున్నారు, సరే. 1976లో పారిస్‌లో పేర్లు దాచి రుచి చూసినప్పుడు ఏమైంది? ఫ్రెంచి జడ్జిలే కూర్చుని కాలిఫోర్నియా షాటో మాంటెలీనా 1973 షార్డొనేకి మొదటి స్థానం ఇచ్చారు. బతార్-మోన్‌రాషే కూడా ఆ వరుసలో ఉంది, వెనకబడిపోయింది. ఆ గెలిచిన వైన్ ఒక్క తోటది కూడా కాదు, నాపా, సోనోమాల్లో నాలుగైదు చోట్ల కొన్న పళ్లతో చేసింది! మరి మీ 20 ఎకరాల మహిమ ఎక్కడికి పోయింది? ఊరి పేరు వినగానే నోట్లో రుచి మారుతుంది, అంతే. వెన్న వాసన, వెనిలా వాసన అని రాసుకుంటారు, వెన్న వాసన మాలోలాక్టిక్‌లో, అంటే మాలిక్ ఆమ్లం లాక్టిక్ ఆమ్లంగా మారేటప్పుడు పుట్టే డయాసిటిల్ అనే పదార్థం, వెనిలా కొత్త ఓక్ పీపా. మట్టి ఏదీ ఇందులో?

దుబాయ్ చిత్తూరోడు:
వెన్న, వెనిలా గురించి నువ్వన్నది నూటికి నూరు పాళ్లు నిజం, పేపర్లో రాయాల్సిందే తమ్ముడూ. అందుకే తోట తేడా చూడాలంటే ఒకే మనిషి చేసిన రెండు తోటల వైన్ పక్కపక్కన పెట్టాలి, పీపా అదే, ఏడాది అదే. 1976లో అలా చేయలేదు, మనిషీ మారాడు, దేశమూ మారింది. పైగా ఆ బర్గండీలు అప్పటికి మూడు నాలుగేళ్ల పసివి. మాంటెలీనా గెలవడం వల్ల తేలింది మంచి చోట్లు ఫ్రాన్స్ బయట కూడా ఉన్నాయని. చోటుకి విలువ లేదని తేలలేదు.

ఇంకోటి, పరీక్షలో అడుగుతారు: ఫ్రాన్స్‌లోనే ఇంకో వైన్ ప్రాంతం బోర్డోలో 1855 ర్యాంకులు కంపెనీకి, అంటే షాటోకి. బర్గండీలో ర్యాంకు నేలకి, ఎవరు కొన్నా గ్రాన్ క్రూ గ్రాన్ క్రూనే. అక్కడ ముక్క ముక్కకీ పేరుంది, క్లిమా అంటారు, 2015లో యునెస్కో వాళ్ల జాబితాలోకి కూడా చేరాయి. చేతగానివాడి చేతిలో పడ్డ గ్రాన్ క్రూ కంటే మంచివాడి కింది ర్యాంకు సీసా మేలని నేనైతే కస్టమర్లకే చెప్తా, మేనేజర్ వినకపోతే.

దామలచెరువు తోట:
నేను వైన్ ముట్టను, మా అబ్బాయి ఈ పేజీ చూపిస్తే చదివినా. మాకు బెంగళూరా మామిడి ఆరెకరాలు ఎర్ర గరప గుట్ట వాలులో, రెండెకరాలు చెరువు కింద. చెట్లు ఒకే నర్సరీవి, ఒకే ఏడు నాటినవి. చెరువు కింద కాయ చేతికి బరువు, చూపుకి బాగుంటుంది, కోసి తింటే నీళ్లు. గుట్ట కాయ చిన్నది, టెంక పెద్దదే, అయినా మా ఇంట్లో తినేది అదే. పూతకి ముందు చెట్టు ఎండాలి, అప్పుడు నీళ్లు పెడితే పూత బదులు ఆకు ఎగబడుతుంది. గుండ్రాయి అబ్బోడు చెప్పిన దాహం సంగతి మాకు తెలిసిందే, పేరే తెలీదు.

నాకు అక్కడోళ్ల మీద కుళ్లు పుట్టింది ఇంకొక చోట. గుట్ట కాయైనా చెరువు కాయైనా లారీలో ఒకటే, ఫ్యాక్టరీలో గుజ్జు అంతా ఒకే డ్రమ్ములోకి పోతుంది, టన్ను రేటు ఒకటే, ఇంకా చెరువు కాయే తూకం ఎక్కువ కాబట్టి డబ్బులు దానికే. మరి నేనెందుకు గుట్ట చెట్టు పెంచాలి? ఆ 20 ఎకరాల వాళ్ల ద్రాక్షని కూడా పక్కోడి ద్రాక్షతో కలిపి పిండి ఉంటే ఆ పేరు ఎవరికి తెలిసేది నాయనా. అక్కడ ఎవరో వందల ఏళ్ల కిందట కలపకుండా విడివిడిగా పెట్టినారు, అందుకే తేడా మిగిలింది.

అలిపిరి మెట్లు:
పెద్దాయనా, ఇది మా పుస్తకంలో ఎక్కడా లేదు. క్రైస్తవ సన్యాసుల మఠాలు తోటల్ని వేరు చేశాయని ఒక లైన్ ఉంటే బట్టీ పట్టానే గానీ ఎందుకు ముఖ్యమో ఇప్పుడు తెలిసింది. నాసిక్ షార్డొనే గురించి కూడా ఎవరైనా చెప్పండి, షబ్లీ కంటే పులుపు తక్కువ అనిపించింది.

గుండ్రాయి:
అక్కడ చలికాలం తీగని నిద్రపుచ్చేంత చలి కాదు. అందుకే ఏడాదికి రెండుసార్లు కత్తిరించి, ఒక్క పంటే తీస్తారు, జనవరి నుంచి మార్చి దాకా కోత. చల్లని నెలల్లో పండించే ఉపాయం అది. అయినా పగటి ఎండకి పులుపు తొందరగా పోతుంది, నీ నాలుక తప్పు చెప్పలేదు.

పలమనేరు పెసరట్టు:
మామిడి దగ్గర ఓడిపోయా, ఒప్పుకుంటున్నా. వైన్ దగ్గర మాత్రం పేర్లు దాచి పెడితేనే నమ్ముతా.

దామలచెరువు తోట:
అయితే జూన్ ఆఖర్లో రండి ఇద్దరూ. గుట్టది ఒకటి, చెరువుది ఒకటి చెక్కు తీసి ముక్కలు పళ్లెంలో పెడతా. ఏది ఏదో చెప్పను. పెసరట్టు అబ్బోడే ముందు తినాలి.