కార్గిల్ గేమ్ మూడు టర్నుల్లోనే అయిపోతోంది, ఎక్కడ తప్పు చేస్తున్నాం?

మల్కాజిగిరి (ప్రశ్న):
అందరికీ నమస్తే. నేనూ మా తమ్ముడూ కొత్తగా మినియేచర్ వార్‌గేమ్ మొదలుపెట్టాం. 1/72 సైజు ప్లాస్టిక్ సైనికులు, ఒక్కొక్కడు వేలి కణుపంత ఉంటాడు. 1999 జూన్‌లో తోలోలింగ్ శిఖరం మీద జరిగిన దాడిని డైనింగ్ టేబుల్ మీద ఆడాలని మా సరదా. రూల్స్ మేమే రాసుకున్నాం. అటు ఆరుగురు, ఇటు ఆరుగురు. రైఫిల్ రేంజ్ 60 సెంటీమీటర్లు. లూడో పాచిక వేసి 4 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడితే ఎదుటివాడు ఔట్.

మూడు టర్నుల్లో అంతా అయిపోతోంది. ముందు ఆడినవాడిదే గెలుపు. కొండెక్కేవాళ్లు సగం దారి కూడా దాటట్లేదు. అక్కడ గెలిచిన మనవాళ్లు మా టేబుల్ మీద మాత్రం ప్రతిసారీ ఓడిపోతున్నారు. రేంజ్ తగ్గిస్తే సరిపోతుందా?

సైనిక్‌పురి:
రేంజ్ తగ్గించడం కాదు, మొత్తానికే తీసేయండి. మీ టేబుల్ నాలుగడుగులు అనుకుందాం, అంటే 120 సెంటీమీటర్లు. 72తో గుణిస్తే 86 మీటర్లు. అప్పుడు మనవాళ్ల దగ్గరున్న ఇన్సాస్ రైఫిల్ 400 మీటర్ల దాకా పనిచేస్తుంది. బొమ్మల లెక్కలో అది అయిదున్నర మీటర్లు! మీ టేబుల్ మీద పేల్చిన తూటా వంటింట్లో కుక్కర్‌కి తగులుతుంది. కాబట్టి టేబుల్ మీద కనబడ్డ ప్రతివాడూ రేంజ్‌లోనే ఉన్నట్టు. మనిషిని కాపాడేది దూరం కాదు, చాటు.

ఇక అసలు తప్పు పాచిక దగ్గర జరుగుతోంది. నిజం కాల్పుల్లో చాలా తూటాలు ఎవరికీ తగలవు. అయినా వృథా కావు, బండ వెనకున్నవాడిని తల ఎత్తనివ్వవు. వాడు తల దించుకున్న ఆ కాసేపట్లోనే ఇటువాళ్లు నాలుగడుగులు ముందుకు పాకాలి. మీ రూల్స్‌లో ఈ ముక్కే లేదు.

మా ఇంట్లో ఇలా ఆడతాం. మామూలుగా ఒక్కో బొమ్మ తన వంతులో కదలనూ వచ్చు, కాల్చనూ వచ్చు. పాచిక మీద 4 గానీ 5 గానీ పడితే ఎదుటివాడి పక్కన ఒక చింతగింజ పెడతాం. 6 పడితేనే ఔట్. వాడు బండ చాటున ఉంటే మాత్రం పాచిక ఇంకోసారి వేయాలి, మళ్లీ 4 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడకపోతే అదీ చింతగింజ కిందే లెక్క. ఒక గింజ ఉన్నవాడు కదలడమో కాల్చడమో ఏదో ఒక్కటే చేస్తాడు. రెండుంటే పడుకోవడం తప్ప ఏమీ చేయలేడు. వాడి వంతు అయ్యాక ఒక గింజ తీసేస్తాం. మెషిన్‌గన్‌కి మూడు పాచికలు.

ముందు ఆడినవాడు గెలిచే గొడవకి పేకముక్కలు చాలు. మనవాళ్లను నలుగురేసి జట్లు చేసి, జట్టుకో ఎర్ర ముక్క, అవతలి జట్లకు నల్ల ముక్కలు కలిపి బోర్లా పెట్టండి. పై ముక్క ఏ రంగైతే ఆ పక్కవాళ్లలో ఒక జట్టు ఆడుతుంది. ఎవరి వంతు ఎప్పుడొస్తుందో తెలియదు, ఆ టెన్షన్‌లోనే మజా ఉంది.

దిల్‌సుఖ్‌నగర్:
పై అన్న చెప్పింది కరెక్టే. నాది ఒక్కటే ఆక్షేపణ. ఆరుగురి మీద ఆరుగురేంటి బ్రో? దాడి చేసేవాళ్లు మూడు రెట్లుండాలని పాత లెక్క. కొండ మీదైతే అదీ తక్కువే. పైన నలుగురిని, ఒక మెషిన్‌గన్‌ని పెట్టు, కింద పన్నెండు మంది. తోలోలింగ్ ఒక్క దెబ్బకి దక్కిందేమీ కాదు. మన సైన్యంలోని 18 గ్రెనేడియర్స్ బెటాలియన్ రోజుల తరబడి పోరాడాక, భారీ ఫిరంగి దాడి తర్వాత, 2 రాజపుతానా రైఫిల్స్ బెటాలియన్‌వాళ్లు జూన్ 13న పట్టుకున్నారు. అందుకే ఆట మొదలుకాకముందే పైన ఉన్న ఒక్కొక్కడికీ పాచిక వెయ్యి. 4 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడితే వాడు చింతగింజతోనే ఆట మొదలెడతాడు. మన బోఫోర్స్ ఫిరంగి గుండ్ల ఖాతా అది.

ఇంకోటి, ఆ దాడులు ఎక్కువగా రాత్రిపూటవే. తెల్లారాక వాలు మీద చిక్కుకున్నవాడి పని అంతే. ఎనిమిది టర్నులు పెట్టుకో. మొదటి ఆరు చీకటి, 25 సెంటీమీటర్లు దాటితే కనబడదు, కాకపోతే కాల్చినవాడి మంట అందరికీ కనిపిస్తుంది. చివరి రెండూ తెల్లవారినట్టు. ఆరో టర్ను దగ్గరపడుతుంటే మీ తమ్ముడి మొహం చూడు.

మల్కాజిగిరి:
థాంక్స్ అన్నా, ఈ ఆదివారం ఆడి చూస్తాం. కొండ దేంతో చేయాలి? ఆఫీసర్ బొమ్మకి మేజర్ పద్మపాణి ఆచార్య పేరు పెట్టాం, మన హైదరాబాద్ ఆయనే కదా.

కొండాపూర్:
కొండ సంగతి నేను చెప్తా, ఎందుకంటే ఒకటి పాడుచేసుకున్నాను. ఫ్రిజ్ ప్యాకింగ్‌లో వచ్చిన థర్మాకోల్‌ని పొరలుగా అంటించి, చక్కగా చెక్కి, దాని మీద గ్రే స్ప్రే పెయింట్ కొట్టాను. కళ్లముందే కరిగిపోయింది, పురుగు తిన్న పుచ్చులా మిగిలింది. స్ప్రేలో ఉండే సాల్వెంట్ థర్మాకోల్‌ని తినేస్తుంది. ముందు నీళ్లు కలిపిన ఫెవికాల్‌తో న్యూస్‌పేపర్ అంటించండి, ఆరాక బ్రష్‌తో గోడ ఎమల్షన్ పూయండి.

బండరాళ్లకు ఎక్కడా తిరగక్కర్లేదు. మీ వీధిలో ఏ ఇల్లు కడుతున్నా మేస్త్రీని అడిగి గుప్పెడు 20 ఎం.ఎం. కంకర తెచ్చుకోండి. మన గ్రానైటే. 1/72లో ఆ ముక్క దాదాపు 1.4 మీటర్లు, అంటే మనిషి భుజాల దాకా వస్తుంది. వరసగా పేరిస్తే సంగర్, అంటే సైనికులు చాటుకు కట్టుకునే రాళ్ల గోడ, రెడీ. కొండ అంచులు నిటారుగా కోయండి, అంచు కిందకి చేరినవాడు పైవాళ్లకు కనబడకూడదు. దాడి చేసేవాళ్లకు ఊపిరి అందేది అక్కడే.

బొమ్మల రంగు ఊడిపోతుంటే విమ్‌తో కడిగి ఆరబెట్టి, పల్చటి ఫెవికాల్ ఒక పూత వేశాక రంగు వేయండి. ఆ మెత్తటి ప్లాస్టిక్‌కి నేరుగా రంగు పట్టదు.

సైనిక్‌పురి:
అవును, ఆచార్య గారు హైదరాబాద్ ఆయనే, 2 రాజపుతానా రైఫిల్స్‌లో కంపెనీ కమాండర్. జూన్ 28న లోన్ హిల్ దాడిలో ప్రాణాలిచ్చారు, మహావీర చక్ర వచ్చింది. పేరు పెట్టడం మీ ఇష్టం. మా నాన్న ఫౌజులో చేశారు, నేనైతే బొమ్మలకు నిజం పేర్లు పెట్టను. పాచిక మీద 6 పడ్డాక ఆ పేరు పలికి బొమ్మను పక్కకు పడుకోబెట్టడం నా వల్ల కాదు.

మల్కాజిగిరి:
పేరు తీసేశాం అన్నా. ఇప్పుడు వాడు ఉత్త మేజర్ సాబ్.

ఆదివారం రెండాటలు ఆడాం. మొదటిది ఏడో టర్నులో ఓడాం. నలుగురు అంచు కింద దాకా చేరారు, ఈలోపు తెల్లారింది. రెండోసారి తమ్ముడు ఒక జట్టుతో కదలకుండా మెషిన్‌గన్ మీదే కాల్పించాడు. అవతలివాడి పక్కన రెండు గింజలు పడ్డాక ఇంకో జట్టు పైకెక్కింది. ఆరో టర్నులో సంగర్ దొరికింది, మనవాళ్లు అయిదుగురు పోయారు. రెండు గంటలు పట్టింది, అమ్మ భోజనాలు సోఫాలో పెట్టింది.

ఒక్క తగాదా మాత్రం మిగిలింది. కంకర వెనకున్నవాడు కనబడుతున్నాడని నేను, లేదని వాడు.

దిల్‌సుఖ్‌నగర్:
కుట్టుమిషన్ దారం తీసుకో. కాల్చేవాడి తల నుంచి ఎదుటివాడి తల దాకా లాగిపట్టు. దారం రాయికి తగిలితే చాటున్నట్టే. అప్పటికీ తేలకపోతే పాచిక వేసేయండి.